ఒళ్ళు చెప్పే చరిత్ర – 9: ఓర్పు ఎవరికి, మత్తు ఎవరికి?



ఇది పొడుగు పోస్టు. తీరిగ్గా చదవండి. గర్భసంచి గురించి, వైద్యం గురించి, నొప్పి గురించి. మగ మిత్రులు ‘ఇది ఆడవాళ్ళ ముచ్చట’ అని దాటిపోవద్దని మనవి. మీకూ అమ్మ ఉంది, అక్కచెల్లెళ్ళు ఉన్నారు, రేపు బిడ్డ ఉంటది.

రెండు నెలల కింద మా అమ్మను ఆసుపత్రికి తీసుకుపోయాను. అమ్మకు ముట్లు ఆగి ఏడేండ్లయింది. మళ్ళీ రక్తం కనబడింది. నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు. పండక్కి ఊరికి పోయినప్పుడు దండెం మీద ఆరేసిన లంగా మీది మరక చూసి నేను నిలదీస్తే బయటపడింది. ముట్లు ఆగిన తర్వాత రక్తం కనబడితే ఆలస్యం చేయకూడదు. క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి. అందుకోసం గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. దాన్ని ఎండోమెట్రియల్ బయాప్సీ అంటారు. థియేటర్ అక్కర్లేదు, ఓపీ పక్క గదిలోనే చేసేస్తారు. సన్నటి గొట్టాన్ని గర్భసంచి మూతి గుండా లోపలికి పోనిచ్చి, పొరను పీల్చి తీస్తారు.

‘రెండు నిమిషాల పని. కొంచెం చురుక్కుమంటుంది, అంతే’ అన్నారు డాక్టరమ్మ. ముందు వేసుకునే మాత్ర గురించి గానీ, మొద్దుబారే సూది గురించి గానీ ఒక్క మాట రాలేదు. నేనూ అడగలేదు. పీహెచ్‌డీ చేసినదాన్ని, క్లాసులో గంటలకొద్దీ మాట్లాడేదాన్ని. ఆ గదిలో నాకు నోరు పెగల్లేదు.

అమ్మ అరవలేదు. నా చేయి పట్టుకుంది. నా మణికట్టు మీద ఆమె గోళ్ళ గుర్తులు రెండు రోజులున్నాయి.

అయిపోయాక డాక్టరమ్మ మెచ్చుకున్నారు. ‘మీ అమ్మ చాలా స్ట్రాంగ్. పొలం పని చేసిన ఒళ్ళు కదా! కొందరైతే ముట్టుకోకముందే గోల చేస్తారు.’

ఆటోలో అడిగాను. ‘బాగ నొచ్చిందా అమ్మా?’

‘నొచ్చింది బిడ్డా. పానం పోయినట్టే అయింది.’

‘మరి చెప్పకపోతివి?’

‘ఎవలకు జెప్పాలె? చెప్తే ఆపుతరా?’

ఆ డాక్టరమ్మ చెడ్డ మనిషి కాదు. ఆ మాట తిట్టూ కాదు. నిజంగా మెచ్చుకోలే. అందుకే అది నన్ను వదలలేదు. తిడితే తిరిగి తిట్టొచ్చు. మెచ్చుకుంటే ఏం చేస్తాం? ‘ఈ ఒళ్ళు ఓర్చుకుంటుంది’ అనే ఆ మెచ్చుకోలు ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కుంటూ పోయాను. అది చాలా పాత మాట. దాని వెనక ఒక పెరడు, ఒక వంచిన చెంచా, పేర్లు కూడా సరిగా మిగలని కొందరు స్త్రీలు ఉన్నారు.

ముందు మన భాష సంగతి. నేను తెలుగు చదువుకున్నదాన్ని కాబట్టి మాటల దగ్గరే మొదలుపెడతాను. మనకు కాన్పుకు ఇంకో పేరే ‘నొప్పులు’. ‘ఆమెకు నొప్పులొస్తున్నయి’ అంటే ఏం నొప్పులని ఎవరూ అడగరు. ఇంత నొప్పి ఉన్న భాషలో దాన్ని భరించడానికి రెండు మాటలున్నాయి. పెద్దింటి ఇల్లాలు భరిస్తే ‘భూదేవంత ఓర్పు’. కూలికి పోయే ఆడది భరిస్తే ‘మొండి ఘటం’. మొదటిది గుణం. ఆమెకు నొప్పి తెలుసు, అయినా తట్టుకుంది అని అర్థం. రెండోది ఒంటి తీరు. ఆమెకు నొప్పే అంతగా తెలియదు అని అర్థం. మొండి కత్తి తెగదు, మొండి ఒళ్ళు నొవ్వదు. ఒకే నొప్పి, రెండు కులాల మాటలు. ఒకరికి దండం, ఇంకొకరికి పని. ఇద్దరికీ దొరకనిది మాత్రం మందు.

ఇప్పుడు అమెరికా పోదాం. ఈ రోజు ప్రపంచంలో ఏ స్త్రీల డాక్టరు గదికి పోయినా కనబడే ఒక పనిముట్టు అక్కడ పుట్టింది.

అలబామా రాష్ట్రం, మాంట్‌గోమరీ పట్నం, 1845. జె. మారియన్ సిమ్స్ అనే తెల్ల డాక్టరు. ఆ సంవత్సరం అనార్కా అనే అమ్మాయిని చూడటానికి పోయాడు. ఆమెకు పదిహేడేళ్ళు. మూడు రోజులుగా నొప్పులు పడుతోంది, బిడ్డ రావడం లేదు. అలా గంటలకొద్దీ బిడ్డ తల అడ్డం పడి ఉంటే మూత్రాశయానికీ యోనికీ మధ్య కండ చచ్చిపోయి రంధ్రం పడుతుంది. దాన్ని ఫిస్ట్యులా అంటారు. మూత్రం ఆగకుండా కారుతూనే ఉంటుంది. బట్టలు తడి, తొడలు పుండ్లు, ఒళ్ళంతా వాసన. మనిషి మనుషుల్లోంచి వెలి అవుతుంది. అప్పటికి ఆ జబ్బుకు నమ్మదగిన వైద్యం లేదు.

అనార్కా బానిస. బెట్సీ, లూసీ కూడా బానిసలే, అదే జబ్బు. సిమ్స్ వాళ్ళ యజమానులతో ఒప్పందం చేసుకున్నాడు. తిండి ఖర్చు తనది, బట్టలూ పన్నులూ యజమానులవి. అవును, పశువుకు కట్టినట్టు బానిసకూ పన్ను కట్టేవారు. తన ఇంటి వెనక పెరట్లో చిన్న ఆసుపత్రి కట్టాడు. అందులో అటూ ఇటూగా డజను మంది స్త్రీలను పెట్టాడు. ఒప్పుకున్నది యజమానులు. కోత పడింది స్త్రీలకు. ఆ డజనులో మనకు పేర్లు మిగిలినవి మూడే: అనార్కా, బెట్సీ, లూసీ. ఇంటిపేర్లు లేవు. ఇంటిపేరు ఉండాలంటే ఇల్లు ఉండాలి.

లోపలికి చూడటానికి పనిముట్టు లేకపోతే సిమ్స్ ఒక లోహపు చెంచా కాడను వంచి వాడాడు. దాన్నుంచే సిమ్స్ స్పెక్యులమ్ వచ్చింది. ఇప్పటికీ అదే పేరు. మా అమ్మకు వాడిందీ ఆ కుటుంబంలోదే.

మొదట కోసింది లూసీని. మోకాళ్ళ మీద, మోచేతుల మీద వంగబెట్టి, చుట్టూ డజను మంది డాక్టర్లు చూస్తుండగా గంటసేపు. మత్తు లేదు. తర్వాత ఆమెకు విషజ్వరం వచ్చి చావు దాకా పోయింది. కోలుకోవడానికి రెండు మూడు నెలలు పట్టింది. ఆమె పడిన బాధ ఎంత ఘోరమో సిమ్సే తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఆయనకు నొప్పి కనబడలేదని కాదు. కనబడింది, రాసుకున్నాడు, మళ్ళీ కత్తి పట్టుకున్నాడు.

ఆపరేషన్లు ఒకదాని వెనక ఒకటి విఫలమయ్యాయి. సాయం చేసే తోటి డాక్టర్లు విసిగిపోయి మానేశారు. అప్పుడు సాయం పట్టింది ఎవరో తెలుసా? ఆ స్త్రీలే. ఒకరిని కోస్తుంటే ఇంకొకరు పట్టుకునేవారు. రేపు తన వంతు అని తెలిసి, ఈ రోజు అక్క కాళ్ళు పట్టుకోవడం. అమెరికా స్త్రీ వైద్యంలో మొదటి నర్సులు వీళ్ళని ఈ మధ్య చరిత్రకారులు అంటున్నారు. నాలుగేళ్ళు గడిచాయి. 1849లో, అనార్కాకు 30వ ఆపరేషన్‌లో, వెండి తీగతో వేసిన కుట్టు నిలిచింది. 1852లో సిమ్స్ ఆ విజయాన్ని వైద్య పత్రికలో ప్రకటించాడు. తర్వాత న్యూయార్క్ పోయి 1855లో స్త్రీల ఆసుపత్రి పెట్టాడు. ‘ఆధునిక గైనకాలజీ పితామహుడు’ అని బిరుదు వచ్చింది. పితామహుడు దొరికాడు, తల్లుల పేర్లు మాత్రం దాదాపు నూటయాభై ఏళ్ళు ఎవరూ తలవలేదు.

‘అప్పటికి మత్తుమందే లేదు కదా’ అని కొందరంటారు. న్యాయమైన ప్రశ్నే, జవాబు చెప్పాలి. 1845లో లేదు. తెల్లవాళ్ళైనా నల్లవాళ్ళైనా మెలకువలోనే కోయించుకున్నారు. కానీ 1846 అక్టోబర్ 16న బోస్టన్‌లో ఈథర్ మత్తు ఇచ్చి అందరి ముందూ ఆపరేషన్ చేసి చూపించారు. 1847 నవంబర్‌లో ఎడిన్‌బరోలో సింప్సన్ క్లోరోఫామ్ మొదలుపెట్టాడు. సిమ్స్ ప్రయోగాలు 1849 దాకా సాగాయి. 1857లో న్యూయార్క్ వైద్యుల సభలో ఆయనే చెప్పాడు: ఫిస్ట్యులా ఆపరేషన్‌కు తాను మత్తు వాడనని, మత్తు ఇచ్చే శ్రమకూ ప్రమాదానికీ తగినంత నొప్పి అందులో లేదని. లూసీ బాధను కళ్ళారా చూసిన మనిషే ఆ మాట అన్నాడు. ఆ వాక్యాన్ని ఆ గదిలో అనార్కా విని ఉంటే ఏమనేదో మనకు తెలియదు. ఆమెను పిలవలేదు కదా.

ఇంకో మాటా అంటారు, ‘ఆ జబ్బు నయం కావాలని వాళ్ళూ కోరుకొని ఉంటారు’ అని. కోరుకొని ఉంటారు. ఆ నరకంలోంచి బయటపడాలని ఎవరు కోరుకోరు? కానీ నయం కావాలని కోరుకోవడం వేరు, ‘ఈ రోజు వద్దు, ఇలా వద్దు’ అనగలగడం వేరు. ఆ రెండో మాట లేని చోట మొదటి మాటను ఒప్పుకోలు అనకూడదు.

సిమ్స్ ఒక్కడే చెడ్డవాడని చెప్పడం నా ఉద్దేశం కాదు. అట్లా చెప్తే పని సులువైపోతుంది. అప్పటి వైద్యశాస్త్రమే ఆయనకు అండగా ఉంది. 1851లో లూసియానాలో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే డాక్టరు నల్లవాళ్ళకు కొత్త జబ్బులు కనిపెట్టాడు. బానిస పారిపోవడం ఒక జబ్బట. నల్లవాళ్ళ చర్మానికి స్పర్శ మందగించడం ఇంకో జబ్బట, కొరడా దెబ్బ కూడా సరిగా తెలియదట. లాటిన్, గ్రీకు పేర్లు పెట్టి పత్రికలో అచ్చు వేశాడు. ముందు కొడతారు. కొట్టించుకొని బతికిన మనిషిని చూసి ‘వీళ్ళకు నొప్పి తెలియదు’ అంటారు. ఆ మాటను పట్టుకొని మళ్ళీ కొడతారు. మొండి ఘటం అనే మాటకు అమెరికన్ వైద్య పరిభాష ఇది.

పోయిన శతాబ్దంతో పోయింది అనుకోకండి. 2016లో వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 222 మంది తెల్ల మెడికల్ విద్యార్థులను, జూనియర్ డాక్టర్లను అడిగారు. నల్లవాళ్ళ చర్మం మందంగా ఉంటుందనే లాంటి తప్పుడు నమ్మకాల్లో కనీసం ఒక్కటి నిజమని సగం మంది అన్నారు. అట్లా నమ్మినవాళ్ళు నల్ల రోగి నొప్పిని తక్కువగా లెక్కగట్టారు, మందు విషయంలోనూ తప్పారు. కార్ట్‌రైట్ చచ్చి నూటయాభై ఏళ్ళు దాటింది. ఆయన మాట మాత్రం తెల్లకోటు వేసుకొని తిరుగుతోంది.

జాతి, కులం ఒకటి కావు. అక్కడి బానిసత్వం, ఇక్కడి అంటరానితనం ఒకటే అని నేను అనను. కానీ ఆ రెండింటి మధ్య చుట్టరికాన్ని మన పెద్దలు ఎప్పుడో గుర్తించారు. 1873లో మహాత్మా ఫూలే ‘గులాంగిరీ’ రాసి, బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకు అంకితం ఇచ్చారు. కాబట్టి ఇప్పుడు అదే పనిముట్టును పట్టుకొని మన దేశం వద్దాం.

1868లో బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడ అంటువ్యాధుల చట్టం తెచ్చింది. సైనికులకు సుఖవ్యాధులు రాకుండా అట. సైనికుణ్ణి పరీక్షించడం కాదు, పడుపు వృత్తిలో ఉన్నారని పేరు రాసిన స్త్రీలను పట్టి తెచ్చి పరీక్షించడం. మద్రాసు నగరంలోనూ అమలైంది. లాక్ హాస్పిటల్ అనేవారు ఆ చోటును. పేరు తగినట్టే ఉంది, లోపలికి పోతే బయటికి రాలేరు. బల్ల మీద పడుకోబెట్టి స్పెక్యులమ్‌తో చూసేవారు. రానంటే జరిమానా, జైలు. పోలీసులు పట్టుకొచ్చింది బజార్లలో బతికే పేద స్త్రీలనే. ఇంగ్లండ్‌లో ఇలాంటి చట్టం మీద జోసెఫిన్ బట్లర్ లాంటి స్త్రీలు ఏళ్ళ తరబడి పోరాడితే 1886లో అక్కడ, 1888లో ఇక్కడ రద్దయింది.

ఆ మధ్యలోనే, 1885లో, వైస్రాయి భార్య లేడీ డఫరిన్ పేరుతో నిధి పెట్టారు. ఎందుకు? పరదాలో ఉండే స్త్రీలు మగ డాక్టరుకు చూపించుకోరు, వాళ్ళ మర్యాద చెడకుండా ఆడ డాక్టర్లు కావాలి అని. మంచి పనే. ఆ నిధి వల్ల ఎందరో స్త్రీలు చదువుకున్నారు. కానీ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడండి. అదే ప్రభుత్వం, అదే కాలం, అదే పనిముట్టు. ఒక స్త్రీ సిగ్గు కోసం నిధి. ఇంకో స్త్రీ సిగ్గు మీద పోలీసు. మర్యాద అనేది కొందరికి పుట్టుకతో వస్తుంది, కొందరికి పుట్టుకతోనే పోతుంది.

ఇంకా ఆశ్చర్యం చెప్తాను. మత్తుమందు గురించి ప్రపంచం మొత్తం ఒకప్పుడు మన హైదరాబాద్ వైపు చూసింది. క్లోరోఫామ్‌తో మనుషులు హఠాత్తుగా చనిపోతున్నారు, కారణం గుండెనా ఊపిరినా అని వైద్యులు కొట్టుకుంటున్న రోజులవి. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ పూనికతో, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బుతో 1888లో ఒకటి, 1889లో ఇంకొకటి హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్లు జరిగాయి. లండన్ నుంచి లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ అనే పెద్ద డాక్టరు వచ్చాడు. వందల కుక్కల మీద ప్రయోగాలు చేశారు. ఊపిరిని కనిపెట్టి ఉంటే చాలు, గుండెకు భయం లేదని తేల్చారు. అది తప్పని తర్వాత రుజువైంది. అయినా మత్తును ఎట్లా జాగ్రత్తగా ఇవ్వాలని ఒక నగరం అంత పట్టుదలగా అడిగిందన్నది చిన్న సంగతి కాదు. అక్కడి మెడికల్ స్కూల్లోనే చదువుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీ క్లోరోఫామ్ ఇవ్వడంలో ఆరితేరి, ప్రపంచంలోనే మత్తు వైద్యం చేసిన తొలి మహిళల్లో ఒకరయ్యారు. కాబట్టి ‘మన దగ్గర అవన్నీ ఎక్కడున్నాయి’ అని ఎవరైనా అంటే, నూటముప్పై ఏళ్ళ కిందే సుల్తాన్ బజార్ దగ్గర ఉన్నాయని చెప్పండి. ఉండటం వేరు, మనదాకా రావడం వేరు.

మనదాకా రావాలని అడిగిన మనిషి ఒకరున్నారు. 1938 నవంబర్‌లో బొంబాయి శాసనసభలో సంతాన నియంత్రణ సౌకర్యాల మీద ఒక తీర్మానం వచ్చింది. ప్రసంగం తయారు చేసింది బాబాసాహెబ్. ఆ రోజు ఆయన సభలో లేకపోతే పి.జె. రోహమ్ చదివారు. అందులో ఒక వాదన నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. కాన్పులో ఆడది పడే నొప్పి మగవాడు పడాల్సి వస్తే, జీవితంలో ఒక్క బిడ్డకు మించి కనడానికి ఏ మగవాడూ ఒప్పుకోడని. చూడండి, జనాభా లెక్కల కంటే ముందు స్త్రీ నొప్పిని చట్టసభలో లెక్కలోకి తెచ్చారు. తీర్మానం ఓడిపోయింది.

స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వం సంతాన నియంత్రణను తీసుకుంది, నొప్పిని వదిలేసింది. 1965లో దేశమంతా లూప్ కార్యక్రమం మొదలైంది. ఇన్ని వేయాలి, అన్ని వేయాలి అని టార్గెట్లు. రక్తస్రావం, నొప్పి అని స్త్రీలు మొత్తుకుంటే వినే ఏర్పాటు లేదు. రెండు మూడేళ్ళకే కార్యక్రమం చతికిలబడింది. ఎమర్జెన్సీలో మగవాళ్ళ మీద బలవంతపు వేసెక్టమీలు చేస్తే 1977లో ప్రభుత్వమే కూలింది. ఆ తర్వాత భారమంతా ఆడవాళ్ళ మీదికి మళ్ళింది. మగవాడి నొప్పికి ఓటు ఉంది మరి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన స్త్రీలలో 10 మందిలో దాదాపు 7 మందికి, తెలంగాణలో 6 మందికి ట్యూబెక్టమీ అయింది. మా ఊళ్ళో ‘ఆపరేషన్ అయిందా?’ అంటే ఇదొక్కటే అర్థం.

ఆ ఆపరేషన్ ఎట్లా చేశారో చూడండి. 2012 జనవరి, బీహార్ అరారియా జిల్లా, కపర్‌ఫోరా. బడిలో శిబిరం పెట్టి, టార్చిలైటు వెలుగులో, రెండు గంటల్లో 53 మందికి. 2014 నవంబర్, ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ దగ్గర పెండారీ. ఒక్క సర్జన్, కొన్ని గంటల్లో 83 మందికి. ఆ రోజుల్లో ఆ జిల్లా శిబిరాల్లో 13 మంది స్త్రీలు చనిపోయారు. దాదాపు అందరూ దళిత, ఆదివాసీ, బీసీ కులాలవాళ్ళే. దేవికా బిశ్వాస్ వేసిన కేసులో 2016 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు, మూడేళ్ళలో శిబిరాల పద్ధతి ఆపాలని చెప్పింది. 2022 ఆగస్టులో మన హైదరాబాద్ పక్కనే ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి చేస్తే నలుగురు చనిపోయారు. అక్కడ ప్రాణం తీసింది ఇన్ఫెక్షన్. నొప్పి వేరే సంగతి కావచ్చు, కానీ వరసగా పడుకోబెట్టే ఆలోచన ఒక్కటే. అదే ఏడాది నవంబర్‌లో బీహార్ ఖగడియా జిల్లాలో మత్తు పనిచేయకుండానే, తెలివి ఉండగానే తమను కోశారని స్త్రీలు బయటికొచ్చి చెప్పారు. కాళ్ళూ చేతులూ నలుగురు అదిమి పట్టుకున్నారని ఒకామె చెప్పింది.

ఆ వార్త చదివిన రోజు నాకు మాంట్‌గోమరీ పెరడు గుర్తొచ్చింది. అక్కడ పట్టుకున్న చేతులు కనీసం అక్కచెల్లెళ్ళవి.

ఇక మా అమ్మ పడుకున్న గదికి వద్దాం. గర్భసంచి మూతికి నరాలు తక్కువ, నొప్పి తెలియదు అని చాలాకాలం పాఠం చెప్పారు. 1953లో కిన్సే పుస్తకం వచ్చాక ఆ మాట బలపడింది. పుల్లతో మూతిని మెల్లగా తాకితే చాలామంది స్త్రీలు గుర్తుపట్టలేదని అందులో ఉంది. అదే పుస్తకంలో గట్టిగా ఒత్తితే చాలామంది గుర్తుపట్టారనీ ఉంది. మొదటి సగం గుర్తుంది, రెండో సగం మరిచిపోయారు. మూతికి వెన్ను కింది భాగం నుంచి, గర్భసంచి పైభాగానికి ఇంకా పై నుంచి నరాలు వస్తాయి. కొక్కెంతో మూతిని పట్టుకున్నప్పుడు ఒక నొప్పి, గొట్టం లోపలి గోడను తాకినప్పుడు పొత్తికడుపు మెలిపెట్టే ఇంకో నొప్పి. కొందరికి నిజంగానే చురుకు మాత్రమే. కొందరికి కళ్ళు తిరిగి పడిపోయేంత. ఎవరికి ఎంతో ముందు చెప్పలేం, అడిగితేనే తెలుస్తుంది. 2014లో అమెరికాలో ఒక అధ్యయనం కాపర్‌-టీ లాంటివి వేసేటప్పుడు 100కు ఎంత నొప్పి అని స్త్రీలనూ వేసినవాళ్ళనూ విడివిడిగా అడిగింది. స్త్రీలు సుమారు 65 అన్నారు. వేసినవాళ్ళు 35 అన్నారు. మధ్యలో పోయిన ఆ 30 ఎక్కడికి పోయిందో, ఈ వ్యాసమంతా దాని గురించే.

మారలేదా అంటే మారుతోంది, అడిగినందుకు మారుతోంది. నల్లజాతి స్త్రీలు ఏళ్ళ తరబడి పోరాడితే 2018 ఏప్రిల్‌లో న్యూయార్క్ సెంట్రల్ పార్క్ నుంచి సిమ్స్ విగ్రహాన్ని తీసేశారు. 2021లో మాంట్‌గోమరీలో మిషెల్ బ్రౌడర్ అనే కళాకారిణి పాత ఇనుప సామాను అతికి అనార్కా, బెట్సీ, లూసీలకు నిలువెత్తు విగ్రహాలు నిలబెట్టింది. 2024లో అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ, నొప్పి గురించి ముందే చెప్పి లిడోకైన్ లాంటి మందు అందించే విషయం మాట్లాడాలని గర్భనిరోధక సూచనల్లో చేర్చింది. 2025 మేలో అక్కడి స్త్రీ వైద్యుల సంఘం, ఓపీ గదిలో గర్భసంచికి చేసే పనులన్నిటికీ నొప్పి తగ్గించే దారులు స్త్రీ ముందు పెట్టాలని చెప్పింది. ఇన్నాళ్ళూ నొప్పిని తక్కువ చేసి చూశామని, జాతి వివక్ష ఆ తప్పులో భాగమని ఒప్పుకుంది. మొదటి చెంచా నుంచి ఆ ఒప్పుకోలుకు 180 ఏళ్ళు.

లిడోకైన్ అంటే ఏదో విదేశీ వింత కాదు. మన దగ్గర లిగ్నోకైన్ అంటారు. పన్ను పీకే ముందు వేసే సూది అదే. 1948 నుంచి బజారులో ఉంది. మన దేశ అత్యవసర మందుల జాబితాలో ఉంది. పన్నుకు వేసి, గర్భసంచికి వద్దంటే ఏమనుకోవాలి?

కాబట్టి అక్కలారా, చెల్లెలారా, బయాప్సీకో కాపర్‌-టీకో హిస్టెరోస్కోపీకో పోయేటప్పుడు అడగండి. ముందు వేసుకునే నొప్పి మాత్ర నాకు సరిపడుతుందా? గర్భసంచి మూతికి మొద్దుబారే జెల్లో, స్ప్రేనో, సూదో ఉందా? భయం ఎక్కువుంటే మత్తు ఇచ్చే చోటు ఉందా? నేను చేయి ఎత్తితే ఆపుతారా? సూది కూడా ఒక క్షణం నొస్తుంది, అందరికీ పూర్తిగా పనిచేయదు, అన్ని మందులూ అందరికీ పడవు. అది డాక్టరుతో తేల్చుకోవాల్సింది. కానీ తేల్చుకోవాలంటే ముందు మాట్లాడాలి కదా. పరీక్షకు మాత్రం భయపడి మానుకోకండి. నొప్పి లేకుండా చేయించుకునే హక్కు కోసమే ఇదంతా, చేయించుకోకుండా ఉండటానికి కాదు.

అమ్మ సంగతి చెప్పి ముగిస్తాను. మొదటిసారి తీసిన ముక్క సరిపోలేదన్నారు. మళ్ళీ చేయాలి. అమ్మ రానన్నది. ‘క్యాన్సర్ అయితే అయితది, నేను ఆ బల్ల ఎక్క’ అన్నది. ఆమె స్ట్రాంగ్ కాదని నాకు అప్పుడు అర్థమైంది. నొప్పి చూసుకోకపోతే జరిగే నష్టం ఇదే మిత్రులారా. రెండోసారి రారు. జబ్బు మాత్రం ఆగదు.

పదిహేను రోజులు బతిమిలాడి వేరే చోటికి తీసుకుపోయాను. ఈసారి గదిలోకి పోకముందే అడిగాను. గొంతు వణికింది, అయినా అడిగాను. ఆ డాక్టరమ్మ ఏమీ అనుకోలేదు. ‘ఇస్తాం, తప్పకుండా’ అన్నారు. గంట ముందు మాత్ర వేశారు. మూతి దగ్గర సూది వేసి, కాసేపు ఆగి, ‘నొస్తే చెప్పమ్మా, ఆపుతా’ అని మొదలుపెట్టారు. అమ్మ ఒకసారి ‘ఆగు బిడ్డా’ అన్నది. ఆగారు. మళ్ళీ మొదలుపెట్టారు.

వారానికి రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ కాదు.

ఆ రోజు గది బయట బెంచీ మీద కూర్చొని అమ్మ కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగింది.

‘గిట్లనే మొదలే చెయ్యొచ్చు గదనే?’

ఆ ప్రశ్న నా దగ్గర అయితే ఉంది. జవాబు చెప్పాల్సినవాళ్ళు చాలామంది ఉన్నారు.

వచ్చే భాగంలో గర్భసంచి తీసివేతల గురించి. మీ ఇండ్లల్ల అమ్మలను అడిగి, వాళ్ళు చెప్తే విని, పేర్లు లేకుండా నాకు రాయండి.

జై భీమ్.